మా అత్తా, రెప్ప వెయ్యని పెట్టే

మా గుమ్మం పక్కన గోడకి ఒక మేకు ఉంది. రాత్రంతా దానికి నీలం అంచు గుడ్డ ఒకటి వేలాడేది. తెల్లవారుజాము ఫజర్ నమాజు అయీ అవగానే మా అత్త ఆ గుడ్డ తీసి భుజాన వేసుకుని కొండదారి పట్టేది. మళ్ళీ పొద్దుగూకే వేళ ఇంకోసారి వెళ్ళి, తిరిగొచ్చి, గుడ్డని మేకుకి తగిలించి, "తెరిచి వచ్చాను వెధవ కన్ను" అనేది. నేను పొద్దున్నే పొయ్యి వెలిగిస్తూ మేకు వంక చూసేదాన్ని. మేకు బోసిగా ఉందంటే అత్త వెళ్ళిందని, వచ్చేసరికి పాలు కాచి ఉంచాలని లెక్క. ఇప్పుడు మేకు రోజంతా బోసిగానే ఉంటోంది. నేను రోజూ పాలు ఎక్కువ కాచేస్తున్నాను.

మా అత్త తుఫూల్‌కి లోకంలో ఒక్కరితోనే పగ. ఆ ఒక్కరూ మనిషి కాదు. కొండదారిలో చెట్టుకి కట్టిన కెమెరా పెట్టె.

మా కొండల్లో చిరుతలు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. వాటిని లెక్కపెట్టడానికి సలాలా పట్నంలోని అడవి జంతువుల ఆఫీసు వాళ్ళు అక్కడక్కడా చెట్లకి ఈ పెట్టెలు కట్టించారు. ముందునుంచి ఏది కదిలినా చప్పుడు లేకుండా ఫొటో తీసేస్తాయి. మనుషులకి వేలిముద్రలు ఎలాగో చిరుతకి ఒంటిమీది మచ్చలు అలాగ. ఒకదానికున్నట్టు ఇంకోదానికి ఉండవు. ఫొటో పక్కన ఫొటో పెట్టి మచ్చకి మచ్చ చూసుకుంటే, నిన్న వచ్చినదీ ఇవాళ వచ్చినదీ ఒకటేనా కాదా తెలుస్తుంది. ఆ పెట్టెల్ని చూసుకునే ఉద్యోగం మా ఆయన బఖీత్‌ది. అంటే మా అత్త పగ పట్టింది కన్నకొడుకు ఉద్యోగం మీదే.

మా ఊరి దారిలో పెట్టె కట్టినప్పుడు నేను తొలికాన్పుకి పుట్టింట్లో ఉన్నాను. మా ఆయన చెప్పగా విన్నదే ఇది. అత్త పెట్టె చుట్టూ తిరిగి, దాని ఎదురుగా కర్ర పాతి నిలబడి, చాలాసేపు చూసిందట.

"ఇది రెప్ప వెయ్యదేం రా?"

"పెట్టెకి రెప్పలేమిటమ్మా."

"రెప్పలేని కన్ను పాముకే ఉంటుంది. పాముని తెచ్చి ఆడవాళ్ళు నడిచే దారిలో కట్టావా నాయనా? నీకు పాలిచ్చింది నేనేనా?"

ఆ రోజే ఆవిడ నీలం అంచు గుడ్డ పెట్టె మొహాన పడింది.

మా అత్తని మీరు చూడాల్సింది. చూడ్డానికి కుదరదు. ఆవిడ ఫొటో ఒక్కటి కూడా లేదు. సర్కారు గుర్తింపు కార్డుకి తప్పదంటే, ఫొటో తీసే ఆడమనిషి ముందు కూర్చుని మొహాన్ని ఎంతలా ముడిచేసిందంటే, ఆ కార్డులో ఎవరో ముసలాయన ఆవలిస్తున్నట్టుండేది. చెక్‌పోస్టులో పోలీసు ఒకసారి కార్డు చూసి, ఆవిణ్ణి చూసి, మళ్ళీ కార్డు చూసి, "ఇది ఎవరిది పెద్దమ్మా?" అన్నాడు. "నాదే. నువ్వు గుర్తుపట్టలేదంటే బాగా దిగినట్టే" అంది. ఆవిడ పోయాక ఆ కార్డు కూడా తిరిగి ఇచ్చెయ్యాలన్నారు. ఇచ్చేశాం.

కాబట్టి మా ఇంట్లో అత్త బొమ్మంటూ లేదు. నిజం చెప్పాలంటే ఇప్పుడొకటి ఉంది. అది తుడిచెయ్యాల్సిన పని నాది. అదే మొన్నటినుంచీ నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఆ సంగతికి వస్తాను.

ముందు గుడ్డ సంగతి. గుడ్డ పడింది కానీ తియ్యడం అనేది అత్తకి తోచలేదు. నెలల తరబడి పెట్టెకి పగలూ రాత్రీ ఒకటే. అప్పుడు ఆఫీసునుంచి నాసిర్ గారని ఒకాయన వచ్చాడు. మస్కట్‌లో చదువుకున్న మెత్తటి మనిషి. నేను అప్పటికి పసిదాన్నెత్తుకుని తిరిగొచ్చాను, తలుపు వెనకనుంచి అంతా విన్నాను.

"పెద్దమ్మా, ఆ పెట్టె ఫొటోలన్నీ నల్లగా వచ్చాయి."

"రాత్రి నల్లగానే ఉంటుంది నాయనా."

"పగలు కూడా నల్లగానే ఉంది."

"ఈ ఏడు ఖరీఫ్ వానల మబ్బు జాస్తి."

ఆయన సంచిలోంచి గుడ్డ తీసి ఆవిడ ముందు పెట్టాడు. "మబ్బుకి నీలం అంచు ఉంది పెద్దమ్మా."

అత్త గుడ్డ లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. కాఫీ పోసింది. ఖర్జూరాలు జరిపింది. తర్వాత బేరం మొదలుపెట్టింది. "నీ చిరుతలు తిరిగేది ఎప్పుడు?" "ఎక్కువగా రాత్రిళ్ళు." "మా ఆడవాళ్ళు తిరిగేది?" "పగలు." "అయితే రాత్రి నీది, పగలు నాది. పొద్దున మూస్తాను, సాయంత్రం తెరుస్తాను. ఖర్జూరం తిను." నాసిర్ గారు తిన్నాడు. ఉప్పు తిన్నవాడు ఎదురు మాట్లాడలేడు, మా అత్త ఖర్జూరం తిన్నవాడి పరిస్థితీ అంతే.

అప్పటినుంచీ ఎండా వానా లేదు. ఖరీఫ్ తుంపర్లో దారి సబ్బులా జారేది, పొగమంచులో ముందు నడిచే ఆవు తోక కనబడేది కాదు. మోకాళ్ళు పట్టేసిన ముసలిది కర్రపోటు వేసుకుంటూ పోయి, పెట్టెని తిట్టి, కన్ను మూసి, వచ్చేది. దారిన పోయేవాళ్ళు ఆగి వినేవాళ్ళట. "రాత్రంతా చూసింది చాల్లే, పడుకో. నీకు అమ్మలేదా, అక్కచెల్లెళ్ళు లేరా?" ఊరంతా నవ్వింది. పిల్లలు ఆట కట్టారు. ఒకడు పెట్టె, ఒకడు తుఫూల్.

ఇక నా పని. మా వాళ్ళలో పరాయి ఆడవాళ్ళ ఫొటో మగవాడు చూడకూడదు. ఏ చెట్టు దగ్గర ఎవరు చీకటితో కట్టెలకి వెళ్ళి ఫొటోలో పడతారో తెలీదు. అందుకని మా ఆయన పెట్టెల్లోంచి ఫొటోల చిప్‌లు తెచ్చినప్పుడు ముందు చూసేది నేను. నేను చదివింది నాలుగక్షరాలు. కంప్యూటర్లో నాకు రెండే మీటలు తెలుసు. ఒకటి నొక్కితే తర్వాతి ఫొటో వస్తుంది. ఒకటి నొక్కితే ఉన్న ఫొటో పోతుంది. ఆడవాళ్ళందర్నీ తుడిచేశాక చిప్ మా ఆయన చేతికి ఇస్తాను. అప్పటిదాకా ఆయన కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చోవాలి. నా పక్కన అత్త, కావలికి.

"చూడొచ్చా?"

"ఉండండి, ఎవరో కట్టెల మోపుతో వస్తున్నారు."

"ఇప్పుడు?"

"ఆవు."

"ఆవుని చూడొచ్చుగా?"

"ఆవు వెనక ఎవరున్నారో తెలీకుండా ఎలా చూస్తావురా?" అనేది అత్త. "గోడ చూడు. గోడ బాగానే ఉంది." తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "ఈ పెట్టె నా ఆవుని బక్కగా చూపిస్తోందే. కావాలనే. దానికి నా మీద కోపం" అనేది. మర్నాడు ఆ ఆవుకి, మా వైపు ఆవులకి పెట్టే ఎండుచేపల దాణా ఇంకో చేటెడు పడేది.

మా దారి చిప్‌లో మాత్రం ఆడవాళ్ళు దాదాపు ఉండేవాళ్ళు కాదు. ఉండేది ఒక్క చెయ్యి. గుడ్డ కట్టేటప్పుడు ఒకసారి, తీసేటప్పుడు ఒకసారి అత్త ఎడమ అరచెయ్యి పెట్టె కంటినిండా వచ్చేది. కుడిచేతిలో కర్ర కదా. ఆ అరచేతిలో కాఫీ కూజా కాల్చిన మచ్చ అడ్డంగా ఉండేది. చిటికెనవేలు ఎప్పుడో ఆవు పలుపులో ఇరుక్కుని బయటికి వంగిపోయింది. పొద్దునొక చెయ్యి, సాయంత్రమొక చెయ్యి.

"నా చెయ్యి తీశావా?"

"చెయ్యేగా అత్తా. మొహం కాదుగా."

"ఆడదాని చెయ్యి ఆడదే. తియ్యి."

తీసేదాన్ని. ఇన్నేళ్ళలో ఎన్ని చేతులు తుడిచానో. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరి పారేశాను.

మా దారిలో ఒక ఆడ చిరుత తిరుగుతుంది. ఆఫీసు వాళ్ళు దానికేదో అంకె ఇచ్చారు. అత్త దాన్ని పక్కింటావిడ అనేది. ఫొటోల్లో దాన్ని పోల్చడం నాకు వచ్చు. ఎడమ భుజం వెనక కాఫీ గింజలు ఒలికినట్టు మచ్చలు, తుంటి దగ్గర తెగిన ఉంగరంలాంటి మచ్చ. అత్తకి మాత్రం ఏది వచ్చినా పక్కింటావిడే.

"అదిగో పక్కింటావిడ."

"అది మచ్చల అడవిపిల్లి అత్తా."

"చిక్కిపోయింది పాపం."

ఇంకోసారి దుమ్ములగొండి వచ్చింది. "పక్కింటావిడ ఒళ్ళు చేసిందే" అంది. ఒకసారి మా సొంత మేక వచ్చింది. దాన్ని కూడా కాసేపు అనుమానంగా చూసింది.

ఒక ఏడాది పక్కింటావిడ నిజంగానే పిల్లని వెంటేసుకుని ఫొటోలో పడింది. పిల్లంటే పిడికెడు మచ్చలు, నాలుగు కాళ్ళు. నేను ఆనందం పట్టలేక "చూడండి" అనబోయాను. అత్త నా నోరు మూసేసింది.

"బాలింత. నలభై రోజులు మగవాడెవడూ చూడ్డానికి వీల్లేదు."

గోడవైపు కూర్చున్న మా ఆయన, "అమ్మా, అది చిరుత" అన్నారు.

"మగ చిరుతా, ఆడ చిరుతా?"

"ఆడదే."

"ఆడదే కదా."

"ఆ పిల్లకి ఈపాటికి రెండు నెలలుంటాయి. నలభై ఎప్పుడో అయిపోయాయి."

"నాకు తెలిసింది ఇవాళ. ఇవాళ్టినుంచి లెక్క."

నా రెండో కాన్పు ఈ ఇంట్లోనే. మా నాన్న, అంటే ఆవిడ సొంత అన్న, మనవణ్ణి చూడ్డానికి అంత దూరం వస్తే గుమ్మంలోనే ఆపి, తిండి పెట్టి, వెనక్కి పంపేసిన మనిషి ఆవిడ. చిరుతకి మినహాయింపు ఎక్కడినుంచి వస్తుంది. చిప్‌ని మూటకట్టి బియ్యం డబ్బాలో పెట్టింది. నాసిర్ గారు ఫోన్ చేస్తే ఫోన్ కూడా ఆవిడే తీసుకుంది. "పిల్లా తల్లీ క్షేమం. మిగతాది నలభై రోజుల తర్వాత" అని పెట్టేసింది. ఆఫీసులో ఆ చిరుతకి పురుడు పోసింది తుఫూల్ పెద్దమ్మే అని కొన్నాళ్ళు చెప్పుకున్నారట.

ఇన్ని నవ్వుల్లో ఒక్కటే నిజమైన తగువు. పక్కింటావిడ మా దారిలో రాత్రి దిగేటప్పుడు ఎడమపక్కే కనిపించేది. చిరుతకి ఎడమపక్క మచ్చలు వేరు, కుడిపక్క మచ్చలు వేరు. కొండవతల ఇంకో పెట్టెలో ఒక ఆడ చిరుత పడింది, దానిది కుడిపక్క ఒక్కటే. అదీ ఇదీ ఒకటేనా, ఇద్దరా? రెండు పక్కలూ ఒకేసారి చూస్తే గానీ ఎవరూ చెప్పలేరు. మా ఆయన ఆ కుడిపక్క ఫొటోని గోడకి అంటించుకుని, కుర్చీ తిప్పుకున్నప్పుడల్లా దాన్నే చూస్తూ కూర్చునేవారు. పక్కింటావిడ తెల్లారాక అదే దారిన పైకి వెళ్తుందని ఆయన నమ్మకం. ఆ వేళకి కన్ను మూసి ఉంటుంది.

"అమ్మా, ఒక్క పొద్దున కాస్త ఆలస్యంగా వెళ్ళు. వెలుతురొచ్చాక."

"ఆ వేళకి ఆడపిల్లలు ఆవుల్ని తోలుకెళ్తారు."

"ఒక్క పూట. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా కాళ్ళు ముందే నొప్పులు. వదులు."

ఆయన ఆ రోజు అన్నం తినలేదు. ఆవిడా తినలేదు. మర్నాడు మాత్రం ఇంకా ముందే లేచి వెళ్ళింది. ఇంత మొండితనం ఎందుకని నాకూ విసుగొచ్చింది. ఒక్క పూట ఆలస్యమైతే ఏం మునిగిపోతుంది అనుకున్నాను.

ఈ ఏడు ఖరీఫ్ వెళ్ళిపోయి కొండలింకా పచ్చగా ఉన్న రోజుల్లో, అత్త పొద్దున్నే గుడ్డతో వెళ్ళి వచ్చింది. పాలు తాగింది. "కాస్త నడుం వాలుస్తాను, ఆవుల్ని నువ్వు చూడు అమ్మాయ్" అంది. మళ్ళీ లేవలేదు. పొద్దువాలే వేళ అసర్ నమాజు తర్వాత మగవాళ్ళు తీసుకెళ్ళిపోయారు. మూడు రోజులు ఇల్లంతా ఆడవాళ్ళు, కాఫీ, ఖర్జూరాలు, సాంబ్రాణి పొగ. తర్వాత ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళారు. మేకు బోసిగా ఉంది. గుడ్డ పెట్టెకే ఉండిపోయిందని నాకు తెలుసు. వెళ్ళి తేవడానికి మనసొప్పలేదు. అది తెచ్చేస్తే ఆవిడ ఇక సాయంత్రం రానట్టే కదా.

మొన్న మా ఆయన చిప్‌లు తేవడానికి కొండంతా తిరిగి, సాయంత్రానికి మా దారి చిప్ కూడా తెచ్చారు. చెప్పులు విప్పుతూ అన్నారు, "గుడ్డ మళ్ళీ బాగానే కడుతున్నావే. ముడి అమ్మ వేసినట్టే ఉంది."

"ఏ గుడ్డ?"

"పెట్టెకి."

"నేను కట్టడం ఏమిటండీ. నేను గడప దిగి ఎన్నాళ్ళయింది."

ఆయన నన్ను చూశారు. నేను ఆయన్ని చూశాను. ఆయన కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నారు. చెప్పేవాళ్ళు లేకపోయినా. నేను చిప్ పెట్టాను.

మొదట అంతా మామూలే. పొద్దున చెయ్యి, రాత్రి ముళ్ళపంది, తెల్లారి చెయ్యి. కాల్చిన మచ్చ, వంగిన చిటికెనవేలు. నేను దేన్నీ తుడవలేకపోయాను. ముందుకి నొక్కుకుంటూ పోయాను. ఆఖరి పొద్దు వచ్చింది. ఎడమ చెయ్యి, చేతిలో గుడ్డ. ఆ వెంటనే ఇంకో ఫొటో. అందులో కుడి అరచెయ్యి. చెట్టుకి కర్ర ఆనించి, పెట్టె మీద చెయ్యి మోపి, ఊపిరి తీసుకోవడానికి ఆగినట్టుంది. ఇన్నేళ్ళలో అత్త కుడిచెయ్యి పెట్టె చూడ్డం అదే మొదలు. తర్వాత చీకటి.

ఆ చీకటి ఇక తొలగదనుకున్నాను. తర్వాతి మీట నొక్కాను. చెయ్యి వచ్చింది.

అత్తది కాదు. గోరింటాకు చెయ్యి, బొటనవేలి గోరు సగం విరిగింది. అదే రోజు సాయంత్రం. మా ఇంట్లో జనం నిండి ఉన్న సాయంత్రం, నేను మూలన కూర్చుని ఉన్న సాయంత్రం, ఎవరో వెళ్ళి పెట్టె కన్ను తెరిచారు. మర్నాటి పొద్దున ఇంకో చెయ్యి, వెండి ఉంగరాలు రెండు. సాయంత్రం పొడుగు వేళ్ళ చెయ్యి. ఆ మర్నాడు ఒక పెద్ద చెయ్యీ, దాని కింద అందుకోవాలని ఎగురుతున్న చిన్న చెయ్యీ. ఒకరోజు చెయ్యి కంటే ముందు గుడ్డ తలకిందులుగా వచ్చింది. చిరుతల్ని పోల్చిన కళ్ళతోనే నేను ఆ చేతుల్ని పోల్చుకుంటూ పోయాను. ఉంగరాలది థుమ్నా. పొడుగు వేళ్ళు పై ఇంటి కోడలివి. గోరు విరిగిన గోరింటాకు మా గనియా వదినది.

గోడవైపునుంచి మా ఆయన, "ఏమిటే, ఏడుస్తున్నావా?" అన్నారు.

"లేదండీ. ఆడవాళ్ళున్నారు. ఉండండి."

ఆ రాత్రి ఇక ముందుకి చూడలేక చిప్ తీసేశాను. మర్నాడు ఎక్కువైన పాలు గిన్నెలో పోసుకుని గనియా వదిన ఇంటికి వెళ్ళాను. అత్త పోయాక గడప దాటడం అదే. వదిన పిండి కలుపుతోంది. ఆ చేతుల్నే చూస్తూ కూర్చున్నాను.

"ఏమిటలా చూస్తున్నావు?"

"నీ బొటనవేలి గోరు పెరిగింది వదినా."

ఆవిడ చేతులు పిండిలోనే ఆగిపోయాయి. "దొరికిపోయానన్నమాట" అంది.

"ఎందుకు వదినా? అది అత్త పగ కదా. మీకేం పని?"

"పగేమిటి నీ మొహం. నీకు తెలీదా?" వదిన చేతులు తుడుచుకుంది. "పెట్టె కట్టిన రోజు మగవాళ్ళంతా ఊట దగ్గర కూర్చున్నారు. రెండే మాటలు. పెట్టె పగలగొట్టడమా, ఆడవాళ్ళకి ఆ దారి మూసెయ్యడమా. పగలగొడితే బఖీత్ ఉద్యోగం పోతుంది. దారి మూస్తే మేమంతా ఆవుల్ని కొండ చుట్టి తోలుకెళ్ళాలి. నేనప్పుడు నిండు చూలాలిని. మీ అత్త కర్ర పట్టుకుని మగవాళ్ళ మధ్యకి వెళ్ళింది. 'పగలు దాని కన్ను మూసే పూచీ నాది. ఒక్క పూట తప్పితే మీరు వెళ్ళి పగలగొట్టుకోండి' అంది."

ఒక్క పూట. మా ఆయన కాళ్ళు పట్టుకుని అడిగింది ఆ ఒక్క పూటే.

"మరి మాకు చెప్పలేదేం?"

"నేనూ అదే అడిగాను. ఏమందో తెలుసా? 'చెప్తే నా కోడలు నన్ను వెళ్ళనిస్తుందా? పసిదాన్ని చంకనేసుకుని తనే పోతుంది. జాలిపడితే ముసలిదాన్ని అందరూ ఆపుతారు గనియా. పగ పట్టిన ముసలిదాన్ని ఎవరూ ఆపరు' అంది. ఆ తిట్లన్నీ ఉత్తుత్తివే. ఎవరైనా దారిన వస్తుంటే గొంతు పెంచేది."

నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్ళూ ఆ పెట్టె అనవసరంగా తిట్లు తింది పాపం.

"ఆవిడ ఒక్క పూట తప్పలేదు" అంది వదిన. "మేం తప్పాం. మొన్నొకరోజు వంతు థుమ్నాది, నిద్రలేవలేదు. వెలుతురొచ్చేశాక పరిగెత్తింది. మగవాళ్ళు ఎవరూ ఏమీ అనలేదులే. వాళ్ళకీ తెలుసు ఎవరి పూచీయో. ఆ పాలు నాకేనా?"

పాలు ఆవిడకిచ్చి ఇంటికొచ్చి మళ్ళీ చిప్ పెట్టాను. థుమ్నా నిద్రలేవని పొద్దు కోసం వెతికాను. దొరికింది. దారంతా లేత వెలుతురు. ఆ వెలుతుర్లో పక్కింటావిడ పైకి ఎక్కుతోంది, కుడిపక్క మొత్తం కనిపిస్తూ. వెనక కాస్త దూరంలో పిల్ల ఒక రాయిని వాసన చూస్తూ ఉండిపోయింది. తర్వాతి ఫొటోలో తల్లి పిల్ల కోసం వెనక్కి తిరిగింది. కాఫీ గింజలు, తెగిన ఉంగరం. ఎడమపక్క. ఆవిడే. రెండు ఫొటోల్లో రెండు పక్కలూ. మూడోదాన్లో పరిగెత్తుకొచ్చి ఆయాసపడుతున్న ఉంగరాల చెయ్యి.

ఊళ్ళో ఆడవాళ్ళ చేతులన్నీ ఒక్కొక్కటే తుడిచాను. వాళ్ళ నమ్మకం అది. తుడిచే ముందు ఒక్కొక్కరికీ మనసులో సలాం చెప్పుకున్నాను. తర్వాత అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చాను. మచ్చ, వంకర వేలు, మీట. మచ్చ, వంకర వేలు, మీట. ఆఖరి పొద్దు కుడిచెయ్యి దగ్గర ఆగాను. అరచేతి నిండా గీతలు, మధ్యలో చెట్టు బెరడు పొట్టు అంటి ఉంది. మొహం లేదు, ఒళ్ళు లేదు. ఐదు వేళ్ళు. లోకంలో ఆవిడ ఇక ఇంతే ఉంది.

ఆడదాని చెయ్యి ఆడదే. తియ్యి. ఆవిడ మాట అది. తుడిస్తే ఆవిడ ఉండదు, తుడవకపోతే ఆవిడ మాట ఉండదు. మీట మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను.

మా ఆయన వచ్చి, కాళ్ళు కడుక్కుని, టీ గ్లాసు తీసుకుని, కుర్చీ తిప్పుకుని కూర్చున్నారు. ఎదురుగా గోడమీద కొండవతల చిరుత, కుడిపక్క.

"ఏమైనా వచ్చిందా?"

"పక్కింటావిడ వచ్చింది."

"ఎడమపక్కేగా."

"రెండు పక్కలూ."

గ్లాసు పెదవుల దగ్గర ఆగిపోయింది. మెడ సగం ఇటు తిరిగింది. ఇన్నేళ్ళ ఆశ ఆ మెడ నరాల్లో కనిపించింది.

"పిల్లతో" అన్నాను.

మెడ అక్కడే ఆగింది. కాసేపటికి ఆయనే మళ్ళీ గోడవైపు తిరిగారు. "అయితే నలభై రోజులు" అన్నారు.

"నాసిర్ గారు అడిగితే?"

"మా అమ్మ ఒప్పుకోదని చెప్తాను." ఒక గుక్క తాగారు. "చూపించొద్దులే. ఒక్కటి చెప్పు. ఈ గోడమీదున్నదీ అదీ ఒకటేనా?"

గోడమీది ఫొటోని చూశాను. నా ముందున్న ఫొటోని చూశాను. ఒక్క మచ్చా కలవలేదు.

"కాదు. ఈవిడ వేరు, ఆవిడ వేరు."

"అయితే ఇద్దరు."

"ఇద్దరూ, ఒక పిల్లా."

ఆయన భుజాలు కదిలాయి. నవ్వారో ఏమో చూడలేదు. మా ఇంట్లో అటు తిరిగిన మనిషిని తొంగిచూసే అలవాటు లేదు.

చిప్‌ని బయటికి తీసి, మూటకట్టి, బియ్యం డబ్బాలో పెట్టాను. అందులో ఒక చెయ్యి ఇంకా ఉంది. "నా చెయ్యి తీశావా?" అని అడుగుతూనే ఉంది అత్త. తీస్తాను అత్తా. బాలింత ఉన్న చిప్ నలభై రోజులు ఏ మగవాడూ ముట్టడు, తొందరేముంది. నువ్వు పెట్టిన కట్టుబాటే. తెలిసింది ఇవాళే కదా, ఇవాళ్టినుంచే లెక్క.